ఒకే పిడి, రెండు చేతులు: 1942 నాటి విశాఖ నవలకు ప్రాజెక్టు డైరీ

జనవరి

1942 ఏప్రిల్ 6, సోమవారం నాడు జపాను విమానాలు విశాఖపట్నం రేవు మీద బాంబులు వేశాయి. ముందురోజు, ఈస్టరు ఆదివారం నాడు, కొలంబో మీద దాడి జరిగింది. మూడు రోజుల తరవాత ట్రింకోమలీ మీద జరిగింది. విశాఖ, కాకినాడల మీదికి వచ్చిన విమానాలు ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచినవి. ఆ నౌకతో కలిసి బంగాళాఖాతంలో తిరిగిన, ఓజావా నాయకత్వంలోని జపాను నౌకాదళం కొద్ది రోజుల్లోనే ఇరవైకి పైగా వర్తక నౌకలను ముంచింది. మన ఊరి చరిత్ర చెప్పేవారు సాధారణంగా ఈ ఘట్టాన్ని ఇక్కడితో ముగించి, తరవాతి పేరాలో స్వాతంత్ర్యానికి వెళ్ళిపోతారు. ఆనాటి పేలని బాంబు ఒకటి విశాఖ మ్యూజియంలో ప్రదర్శనకు ఉంది, దాన్ని ఎవరైనా వెళ్ళి చూడవచ్చు. అయితే ఆ సాయంత్రం రేవు పక్క పాత ఊరైన వన్‌టౌన్‌లో ఏ ఇంట్లో పొయ్యి వెలిగింది, ఏ ఇంట్లో వెలగలేదు, బండి కట్టించుకోగలిగినవాళ్ళు వెళ్ళిపోయాక మిగిలిపోయిన ఆడవాళ్ళు ఎవరి గడప తొక్కారు అన్న ప్రశ్నలకు మాత్రం జవాబు ఏ అద్దాల పెట్టెలోనూ దొరకదు. నేను రాయదలచుకున్న నవల ఆ ప్రశ్నల మీదే నిలబడాలి.

నవలలో ఇద్దరు స్త్రీలు ఉంటారు. ఇద్దరూ కల్పిత పాత్రలే. జానకమ్మ కోటవీధి దగ్గర పెంకుటింట్లో ఒంటరిగా ఉంటున్న బ్రాహ్మణ వితంతువు. హోటళ్ళకు అప్పడాలు ఒత్తి ఇస్తూ, వెనక వసారాను అద్దెకిచ్చుకుని బతుకుతుంది. సింహాచలం భీమిలి దగ్గరి పల్లె నుంచి భర్తతో రంగూను వెళ్ళి, 1942 మొదట్లో కూతురితో మాత్రమే తిరిగివచ్చి, ఆ వసారాలో అద్దెకు దిగిన కూలిమనిషి. వీళ్ళ స్నేహాన్ని మాటల్లో చెప్పకుండా, ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకునే వస్తువుల్లో, పనుల్లో చూపించాలన్నది ఈ పుస్తకానికి నేను పెట్టుకున్న నియమం. యుద్ధకాలంలో ఆడవాళ్ళను బతికించినది చేబదులు. ఇంత నిప్పు, గుప్పెడు ఉప్పు, పిల్లను చూసే కన్ను, నగ దాచిపెట్టే నమ్మకం, వీటి లెక్క ఎవరూ రాసిపెట్టలేదు కనుక నవలే రాయాలి.

ఫిబ్రవరి, పటం

గోడకు పెద్ద చార్టు అంటించి, 1942 నాటి ఊరిని చేత్తో గీయడం మొదలుపెట్టాను. ఈ పనిలో ఎక్కువ భాగం తీసివేతలే. డాల్ఫిన్స్ నోస్ మీద ఇప్పుడున్న లైట్‌హౌసు 1957 నాటిది కనుక అది ఉండకూడదు. చమురు శుద్ధి కర్మాగారం కూడా 1957లో వచ్చినదే, దాన్నీ తీసివేశాను. ఉక్కు నగరం ఉన్న చోట పల్లెలు, తోటలు, పొలాలు మిగిలాయి. అప్పటికి శ్రీకాకుళం వేరే జిల్లా కాలేదు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పటి నుంచి 1950 దాకా అది మన జిల్లాలోనే ఉండేది.

తీసివేతలు అయ్యాక మిగిలిన ఊరు చాలా చిన్నది. 1941 జనాభా లెక్కల ప్రకారం పట్నంలో ఉన్నవారు డెబ్బై వేల పైచిలుకు మాత్రమే. ఒకపక్క రాస్ హిల్, దర్గా, వెంకటేశ్వరస్వామి గుడి ఉన్న మూడు కొండలు, కింద కురుపాం మార్కెట్టు, బురుజుపేట, వేలంపేట, చెంగలరావుపేట. ఇంకోపక్క వాల్తేరు మిట్ట మీద విశ్వవిద్యాలయం. నడుమ ఖాళీలు. రేవుకు అప్పటికి తొమ్మిదేళ్ళు కూడా నిండలేదు. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ లోపలికి రావడంతో అది పనిలోకి వచ్చింది, ఆ డిసెంబరులో వైస్రాయి విల్లింగ్‌డన్ ప్రారంభోత్సవం చేశాడు. మాంగనీసు ఖనిజం ఇక్కడి నుంచే ఎగుమతి అయ్యేది. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ సింధియా కంపెనీ నౌకా నిర్మాణ కేంద్రానికి శంకుస్థాపన చేశారు. నా సింహాచలానికి ఆ పరిసరాల్లోనే మట్టి తట్టలు మోసే పని ఇచ్చాను, ఎందుకంటే రంగం, అంటే రంగూను, నుంచి దాదాపు ఉత్త చేతులతో వచ్చిన మనిషికి ఆ ఊళ్ళో వారం తిరక్కుండా దొరికే పని అదే.

పటం వల్ల కథకు పనికొచ్చే సంగతి ఒకటి తేలింది. రేవుకూ వన్‌టౌన్ ఇళ్ళకూ మధ్య దూరం లేదు. రేవు మీద పడిన బాంబు శబ్దం వంటింట్లో వినపడటం కాదు, వంటింటి గోడల్లోకే వస్తుంది. అందువల్ల దాడి ఘట్టాన్ని ఆకాశం నుంచి వర్ణించకుండా, అటక మీద సత్తు గిన్నెలు దొర్లడం దగ్గర నుంచి రాయాలని నిర్ణయించాను.

మార్చి, రంగూను

ఈ నెలంతా బర్మా కాందిశీకుల సంగతులు చదవడంతో గడిచింది. మన తీరప్రాంతంలో రంగం వెళ్ళిన మనిషి లేని ఊరు అరుదు. 1931 నాటికి బర్మాలో తెలుగువాళ్ళు లక్షన్నరకు పైగా ఉన్నారు. రంగూను రేవులో సరుకు దించిన చేతుల్లో అత్యధికం మనవాళ్ళవే. 1930 మే నెలలో తెలుగు రేవు కూలీల సమ్మె, దాని తరవాత బర్మీయులకూ వీళ్ళకూ జరిగిన ఘర్షణలో నూరుమందికి పైగా చనిపోవడం, ఇవన్నీ సింహాచలం కాపురానికి వెళ్ళిన కొత్తల్లో చూసి ఉండవలసిన సంగతులు. అంటే ఆమెకు 1942 మొదటి భయం కాదు. విశాఖలో సైరను మోగినప్పుడు వీధి వీధంతా గాభరాపడుతుంటే ఆమె ముందుగా కుండలో నీళ్ళు నింపుకోవడానికి కారణం ఇదే.

బర్మా వెళ్ళినవారిలో మగవాళ్ళే ఎక్కువ, ఆడవాళ్ళు బాగా తక్కువ. కూలీల లైన్లలో పది గదులు దాటితే గానీ ఇంకో తెలుగు ఆడమనిషి కనపడని చోట, స్నేహం అనేది ఒక ఆడదానికి ఎంత అవసరమో సింహాచలానికి అక్కడే అర్థమై ఉంటుంది. కోటవీధిలో జానకమ్మతో మొదట మాట కలిపేది ఆమే కావాలన్న నిర్ణయం ఇందులో నుంచే వచ్చింది.

1941 డిసెంబరు 23న రంగూను మీద పడిన బాంబులకు వెయ్యిమందికి పైగా చనిపోయారు. 1942 మార్చి 8న నగరం జపాను వశమైంది. ఈ రెండు తేదీల మధ్య ఓడ టిక్కెట్టు దొరికినవాళ్ళు కలకత్తాకో మద్రాసుకో చేరారు. దొరకనివాళ్ళు నడిచారు. కొందరు ప్రోం మీదుగా అరకాన్ కొండలు దాటి చిట్టగాంగు వైపు, కొందరు మాండలే, కలేవా, తమూ మీదుగా మణిపూరు దాటి దిమాపూరు రైలు స్టేషనుకు నడిచారు. అలా నడిచినవారు లక్షల్లో ఉన్నారు. కలరా, మలేరియా, ఆకలి వల్ల దారిలోనే వేలమంది పోయారు. తెల్లవాళ్ళకు మంచి దారి, నల్లవాళ్ళకు చెడ్డ దారి చూపించారన్న ఆరోపణ అప్పుడే దేశమంతా మారుమోగింది.

సింహాచలం, కూతురు పైడి కలకత్తా ఓడలో వచ్చి, అక్కడ నుంచి బెంగాల్ నాగపూర్ రైల్వే బండిలో వాల్తేరు స్టేషనులో దిగుతారు. ఆమె భర్త నడక దారి పట్టాడు. అతను బతికి ఉంటే దిమాపూరు చేరి, కలకత్తా వచ్చి, అదే బండిలో వాల్తేరులో దిగాలి. ఈ ఒక్క అమరికతో నవలకు వెన్నెముక దొరికిందనిపించింది. ఊరంతా పారిపోతున్నప్పుడు సింహాచలం పారిపోలేదు, ఎందుకంటే ఆమె బండి చూడాలి.

ఏప్రిల్, తిరగలి

ఇప్పటివరకు చేసిన పనిలో నాకు అత్యంత విలువైనది ఈ నెలలో జరిగింది.

బర్మా చేజారడంతో అక్కడి బియ్యం ఆగిపోయింది. అంతకుముందు మన దేశానికి ఏటా పది లక్షల టన్నులకు పైగా బర్మా బియ్యం వచ్చేది, ముఖ్యంగా కూలీనాలీ జనం దాని మీదే ఆధారపడేవారు. కాబట్టి నవలలో సింహాచలం వంట బియ్యంతో మొదలై నూకలకు, నూకల నుంచి చోళ్ళకు (రాగులకు), గంటెలకు (సజ్జలకు) దిగుతూ పోవాలి. ఆ వంట రాయాలంటే ముందు చేసి చూడాలి. అనకాపల్లి దగ్గర మా పిన్ని గారింట్లో పాత తిరగలి ఇంకా ఉంది. దాన్ని కడిగి ఆరబెట్టి, చోళ్ళు పోసి కూర్చున్నాను.

తిరగలి ఒంటరి మనిషికి సహకరించదు. కుడిచేత్తో పిడి పట్టి తిప్పుతూ ఎడంచేత్తో గింజలు పోయడం సాధ్యమే గానీ, గింజ పోసిన ప్రతిసారీ తిప్పే చేయి మందగిస్తుంది, మందగించగానే పిండి బరకగా పడుతుంది. కొద్దిసేపటికే భుజం దగ్గర నరం లాగడం మొదలవుతుంది. పిన్ని వచ్చి ఎదురుగా కాళ్ళు చాపుకుని కూర్చుని అదే పిడి మీద, నా చేతికి పైన తన చేయి వేసింది. రాయి తేలికైపోయింది. నేను నా వైపు లాగితే అది తనంతట తానే పిన్ని వైపు వెళుతుంది, పిన్ని లాగితే నా వైపు వస్తుంది. ఖాళీగా ఉన్న చేతులతో వంతులవారీగా గింజ పోస్తున్నాం. పిండి అంచు చుట్టూ ఒకే మందంలో, సన్నగా, వెచ్చగా రాలుతోంది. ఇద్దరి మోకాళ్ళూ తగులుతున్నాయి, ముఖాలు జానెడు దూరంలో ఉన్నాయి. ఆ భంగిమలో ఇద్దరు మనుషులు మాట్లాడుకోకుండా ఉండటం కష్టం. తిరగలి పాటలు ఎందుకు పుట్టాయో అక్కడ కూర్చుంటే తెలుస్తుంది.

ఆ రాత్రే నవలకు కేంద్రమైన సన్నివేశం రాశాను. జానకమ్మ మడి పాటించే మనిషి. సింహాచలం చేయి తగిలిన తడి వస్తువు ఆమెకు పనికిరాదు. అయితే ఎండిన గింజకు అంటు లేదన్న వాడుక ఆ ఇళ్ళలోనే ఉంది. దాన్నే ఆసరా చేసుకుని జానకమ్మ తన ఆచారం తెంచకుండానే అందులో ఇద్దరికి చోటు చేస్తుంది. చిత్తుప్రతిలో ఆ భాగం ఇలా ఉంది:

“ఇలా ఎదురుగా కూర్చో” అంది జానకమ్మ.

సింహాచలం గుమ్మం దగ్గరే ఆగిపోయింది. “నానా? మైలైపోదా అమ్మగోరూ?”

“మినుములు ఎండినవేగా. తడి తగిలితేనే మైల. నువ్వు పిడి పట్టు, గింజ నేను పోస్తాను.”

“పిడి మీద మీ సెయ్యి కూడా ఉంతాది గదా.”

జానకమ్మ జవాబు చెప్పలేదు. పీట ఒకటి కాలితో అవతలికి జరిపింది. “సాయంత్రం తలకు పోసుకుంటాలే, రా.”

ఈ చివరి మాట రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. స్నేహం కోసం కులం మరచిపోయిన స్త్రీగా జానకమ్మను చిత్రిస్తే చదివేవారికి హాయిగా ఉంటుంది గానీ, 1942లో కోటవీధిలో ఆ వయసు వితంతువు అలా ఉండదు. ఆమె స్నానం చేస్తుంది. చేస్తానని సింహాచలం ముఖం మీదే చెబుతుంది. అయినా తిరగలి దగ్గరికి రోజూ పిలుస్తుంది. ఈ మూడూ కలిసి ఉన్న మనిషే నాకు నిజమైన మనిషి. అందుకే ఆ మాట ఉంచాను.

మే, చీకటి

విమానాల భయంతో ఊరంతా దీపాలార్పుకునే బ్లాకౌటు రాత్రి ఎలా ఉండేదో తెలుసుకోవడానికి మేడ మీది గదిలో కిటికీ అద్దాలకు నల్ల కాగితం అంటించి, హరికేన్ లాంతరు చిమ్నీకి మూడొంతులు కాగితం చుట్టి, కింద వేలెడు వెడల్పున మాత్రం వెలుగు పడేలా వదిలాను. ఆ వెలుగులో చేట కనపడింది, చేటలో రాళ్ళు కనపడలేదు. ఎదుటి మనిషి చేతులు కనపడ్డాయి, ముఖం కనపడలేదు. అప్పడాలు ఒత్తడం వీలవుతుంది, ఎందుకంటే అప్పడం అంచు పలచబడిందో లేదో వేలికే తెలుస్తుంది. బియ్యం ఏరడం వీలుకాదు. కాబట్టి ఆ అధ్యాయంలో రాత్రి పనులూ పగటి పనులూ మళ్ళీ పంచాను.

ఇంకొక సంగతి పంచాంగం నుంచి దొరికింది. అది చిత్రభాను సంవత్సరం, చైత్ర బహుళం మొదటి వారం. పున్నమి వెళ్ళి నాలుగైదు రోజులే అయింది కనుక చంద్రుడు బాగా పొద్దుపోయాక పైకి వస్తాడు. దాడి జరిగిన నాటి రాత్రి ఊరు మొదట పూర్తి చీకటిలో ఉండి, నడిరేయికి ముందు వెన్నెల రావడంతో రోడ్ల మీద వెళుతున్న బండ్ల వరస బయటపడుతుంది. దీపాలార్పుకున్న ఊరికి ఆ వెన్నెల భరోసా ఇవ్వదు, పై నుంచి చూసేవాడికి దారి చూపిస్తుంది. సింహాచలం రంగూనులో నేర్చుకున్న ఈ సంగతిని జానకమ్మకు ఆ రాత్రి చెబుతుంది.

వేలంపేటలో ఒక పెద్దావిడతో మాట్లాడాను. దాడినాటికి ఆవిడకు పదేళ్ళు ఉంటాయి. తన పేరు రాయవద్దన్నారు. శబ్దం గురించి అడిగితే రెండు మాటల్లో ముగించారు గానీ, మర్నాడు వాళ్ళమ్మ ఆవకాయ జాడీ తీసుకెళ్ళాలా, వదిలేయాలా అని ఎంత మథనపడిందో మాత్రం వివరంగా చెప్పారు. జాడీ వదిలి దేవుడి పెట్టె తీసుకున్నారట. తిరిగి వచ్చేసరికి జాడీ అలాగే ఉందట, పక్కింటావిడ మూతకు కట్టిన గుడ్డ మార్చి, నూనె పోసి చూసుకుందట. ఈ సంగతిని ఆవిడ అనుమతితో నవలలో వాడుకుంటున్నాను. ఊరు ఖాళీ అయ్యాక ఉండిపోయినవాళ్ళ పని ఇదే, వెళ్ళినవాళ్ళ ఇళ్ళను బతికించి ఉంచడం.

జూన్, బండిలో ఎవరు

నవలలో అన్నిటికంటె కష్టమైన అధ్యాయం ఇది. దాడి మర్నాడు జానకమ్మ మరిది చోడవరం నుంచి ఎడ్లబండి కట్టించుకుని వస్తాడు. బండిలో ఆమెకు, ట్రంకుపెట్టెకు, బిందెలకు చోటుంది. సింహాచలానికి చోటు లేదు. ఉన్నా ఆమె రాదు. హోటళ్ళు మూతపడ్డాయి కనుక జానకమ్మకు అప్పడాల ఆదాయం పోయింది, ఉండి చేసేది కూడా ఏమీ లేదు. ఊళ్ళో పెద్దవాళ్ళే కదిలిపోతున్నారు. ఆ ఏడాదే విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలిపోయింది, మిట్ట మీది భవనాలు సైన్యం చేతికి వెళ్ళాయి. మద్రాసులో అయితే ప్రభుత్వ కార్యాలయాలనే లోపలి జిల్లాలకు పంపారు. ఇంత జరుగుతుంటే ఒక వితంతువు పుట్టింటి వైపో మెట్టినింటి వైపో వెళ్ళడంలో తప్పు పట్టేందుకు ఏమీ లేదు.

మొదట జానకమ్మను ఊళ్ళోనే ఉంచుదామనుకున్నాను. ఇద్దరూ ఖాళీ వీధిలో కలిసి బతికే కథ ఊహకు బాగుంటుంది. అయితే పాత్రల అవసరాలు ఒక్కొక్కటే కాగితం మీద పెట్టి చూస్తే వేరే దారి కనపడింది. సింహాచలానికి కావలసింది పిల్ల క్షేమం, రెండు చేతులూ ఖాళీగా ఉండటం, రైలుబండి చూసే స్వేచ్ఛ. జానకమ్మకు కావలసింది తన ఇంటికి కాపలా, తులసికోటకు నీళ్ళు. పైడిని జానకమ్మ తీసుకెళుతుంది, ఇంటిని సింహాచలం చూస్తుంది. వెళ్ళేముందు సింహాచలం రంగం నుంచి రొంటిన కట్టుకుని తెచ్చిన కాస్త బంగారం కూడా జానకమ్మ చేతిలో పెడుతుంది. అత్తవారింటికి తెలిస్తే మిగలని బంగారం అది. ఆ గుడ్డ సంచిని నేను చేత్తో కుట్టి, అంత బరువు నాణేలు పోసి, పని చేస్తున్నంతసేపూ నడుముకు కట్టుకుని చూశాను. వంగినప్పుడల్లా ఒరుసుకుని చర్మం కందిపోతుంది. మట్టి తట్టలు మోసే ఆడదానికి ఆ సంచి రహస్యం దాయడం ఎంత కష్టమో ఒక వాక్యంలో రాయగలిగాను.

అసలు చిక్కు పైడి తిండి దగ్గర వచ్చింది. చోడవరంలో మరిది ఇంట్లో ఆ పిల్లను వంటింట్లోకి రానివ్వరు. వరండాలో విస్తరాకు వేసి పెడతారు, తిన్న ఆకు తనే తీసి పారేయాలి. జానకమ్మ దీన్ని మార్చలేదు. ఆ ఇంట్లో ఆమె కూడా ఒకరి దయ మీద ఉన్న మనిషే. సింహాచలానికి ఇదంతా ముందే తెలుసు. తెలిసే పంపుతుంది.

“గుంటని తీసుకెల్లిపోండి అమ్మగోరూ. నాను ఉండిపోతాను. మా ఇంటాయన బండి దిగేసరికి ఎవులో ఒకులు కనపడాల గదా.”

“వరండాలో పెడతారే దానికి అన్నం. వాళ్ళ సంగతి నీకు తెలీదు.”

“ఎక్కడెట్టినా అన్నమే. పక్కన మీరు కూకుంతారు గదా?”

జానకమ్మ తల ఊపింది. ఆ ఊపు చాలనట్టు, “కూచుంటాను” అని పైకి కూడా అంది.

ఈ అధ్యాయం చదివిన నా స్నేహితురాలు ఒకామె, జానకమ్మ మరిదిని ఎదిరించి పిల్లను వంటింట్లో కూర్చోబెడితే కథ ఎత్తుకు వెళుతుందని వాదించింది. నేను ఒప్పుకోలేదు. జానకమ్మ చేయగలిగినది, చేసినది ఒక్కటే. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ పిల్ల తింటున్నంతసేపూ తను కూడా వరండాలో గోడకు ఆనుకుని కూర్చుంటుంది. అది చూసి తోడికోడలు మొహం ముడుచుకుంటుంది. పిల్ల మాత్రం ఒంటరిగా తినదు. నా లెక్కలో ఇది చిన్న విషయం కాదు.

జులై, స్టేషను దారి

బురుజుపేట నుంచి కాన్వెంటు జంక్షను, జ్ఞానాపురం మీదుగా స్టేషను దాకా తెల్లవారుజామున తల మీద మూటతో నడిచాను. బురుజుపేటను మొదలుగా పెట్టుకోవడానికి కారణం కనకమహాలక్ష్మి అమ్మవారు. ఆ అమ్మవారికి పైకప్పు లేదు, పూజారి అడ్డం లేకుండా ఎవరైనా స్వయంగా పసుపు కుంకుమలు పెట్టవచ్చు. సింహాచలం, జానకమ్మ ఇద్దరూ ఒకే రోజున, ఒకే పసుపు ముద్దతో వెళ్ళగల చోటు ఆ ఊళ్ళో అదొక్కటే అనిపించింది. వితంతువు కనుక జానకమ్మ పసుపు తీసుకెళ్ళి గడప దగ్గరే ఆగి, సింహాచలం చేత పెట్టిస్తుంది. జానకమ్మ చోడవరం వెళ్ళిపోయాక సింహాచలం ఒక్కతే గుడికి వెళ్ళి ఇద్దరి పేరునా పెడుతుంది, ఆపై స్టేషనుకు నడుస్తుంది. నడిచి చూశాక తెలిసింది, మూట మోసే మనిషికి ఈ దారిలో తల ఎత్తి చూడటం కుదరదని. దారి వర్ణన అంతా నేల మీద, కాళ్ళ దగ్గర ఉన్న వాటితోనే రాశాను: పట్టాల పక్క కంకర, రాలిన బొగ్గు ముక్కలు, ఏరుకుంటున్న పిల్లలు.

ఆగస్టు, కాలం చార్టు

చిన్న చిన్న తేదీల సరిచూపుకు ఈ నెల కేటాయించాను. 1942 సెప్టెంబరు 1 నుంచి 1945 అక్టోబరు దాకా దేశమంతా గడియారాలను ఒక గంట ముందుకు జరిపి నడిపారు. పనిలోకి పిలిచే కూత కొత్త టైముకు, తులసి దగ్గర దీపం పాత టైముకు. ఒకే ఇంట్లో రెండు కాలాలు నడిచే ఆ నెలల మీద ఒక అధ్యాయం కుదిరింది. చిల్లు కాణీ 1943లో వచ్చింది కనుక అంతకుముందు అధ్యాయాల్లో అది ఎవరి చేతిలోనూ ఉండకూడదు. 1943 తరవాత మాత్రం పైడి దాన్ని దారానికి గుచ్చి మెళ్ళో వేసుకుంటుంది.

భర్త వస్తాడా రాడా అన్నది ఇప్పుడు తేల్చాను. అతను రాడు. అతనితో కలేవా దాటి నడిచిన మనిషి ఒకడు వానాకాలంలో బండి దిగి, తమూ ఇవతల ఒక మకాంలో అతను జ్వరంతో ఆగిపోయాడని చెబుతాడు. చనిపోయాడని చెప్పడు, చూడలేదు కనుక చెప్పలేడు. సింహాచలం బొట్టు తీయాలా వద్దా అన్నది చెప్పగలిగినవారు ఊళ్ళో లేరు. ఆమె చోడవరం నడిచి వెళ్ళి ఆ ప్రశ్న జానకమ్మను అడుగుతుంది. అప్పటికి పదిహేనేళ్ళుగా వితంతువుగా బతుకుతున్న జానకమ్మ, శాస్త్రం ఏమంటుందో బాగా తెలిసిన జానకమ్మ, కుంకుమ భరిణె తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టి, “కళ్ళతో చూసినవాడు వచ్చి చెప్పేదాకా ఉంచు” అంటుంది. ఈ సన్నివేశం మొదటి ప్రతిలో రెండు పేజీలు ఉండేది. జానకమ్మ మనసులోని ఆలోచనలన్నీ తీసివేసి, ఆమె చేతులు చేసిన పని మాత్రమే ఉంచితే అర పేజీకి వచ్చింది, బలం పెరిగింది.

సెప్టెంబరు

తొలి ప్రతి పూర్తయింది. జానకమ్మ తిరిగి వచ్చి ఇల్లు తెరిచే అధ్యాయం మాత్రం ఇంకా పలచగా ఉంది. ఊరు మెల్లగా నిండటం, హోటళ్ళు తెరుచుకోవడం, బియ్యం దొరకని రోజుల్లో అప్పడాల పిండిలో ఏం కలిపారన్నది, వీటిని ఇంకా పని చేసి రాయాలి. సింహాచలం మాటలు మా ఇంట్లోవాళ్ళు మాట్లాడే యాస కాదు కనుక, భీమిలి వైపు పల్లెల్లో పుట్టి పెరిగిన ఇద్దరు ఆడవాళ్ళు ఆ సంభాషణలన్నీ బిగ్గరగా చదివి, నోరు తిరగని చోటల్లా గీత గీసి ఇస్తామన్నారు. వాళ్ళు గీసిన ప్రతి గీతనూ దిద్దాకే రెండో ప్రతి మొదలుపెడతాను.